ఎదుటి కుర్చీ

పోయిన వారం గొడవ గుర్తున్నవాళ్లు ఈ మొదటి పేరాలు దాటేసి ముందుకెళ్లిపోవచ్చు. మరిచిపోయినవాళ్లు సిగ్గుపడనక్కర్లేదు, ఈ కథలో మరుపుకేం కొరత లేదు.

మన ప్రొఫెసరమ్మ పని మనుషుల బుర్రలు చూడటం. బుర్ర ఒక్కటే కాదు, దాన్ని మోసే ఒళ్లు కూడా. బీపీ ఎంత, షుగరెంత, పిడికిలి బిగువెంత, నిద్ర ఎలా పడుతోంది, చెవి ఎంతవరకు పనిచేస్తోంది, ఇవన్నీ మారుతుంటే జ్ఞాపకం ఎలా మారుతోంది అని, పడుచుతనంలో పట్టుకున్న మనుషుల్నే ముసలితనం దాకా వదలకుండా, కొన్నేళ్లకోసారి పిలిచి చూస్తూ వచ్చింది. ఆ చూడటంలోనే ఆవిడ జుట్టూ నెరిసింది.

అలా మొదట్నుంచీ వస్తున్నవాళ్లలో అందరికంటే పెద్ద ఒక రిటైరైన బస్సు కండక్టరు. హోల్డాన్ తాత అంటే గాని ఎవరికీ తెలియదు. పోయిన వారం ఆయన పరీక్ష అయిపోయాక ప్రొఫెసరమ్మ స్టాప్‌వాచీ కనిపించలేదు. గురువుగారు చేతిలో పెట్టిన వాచీ. ఆవిడ హాల్లోకి వచ్చి, టీ తాగుతున్న ముసలివాళ్లందరి ముందూ, "జేబులు చూపించండి కండక్టరుగారూ. చేతికొచ్చింది తిరిగివ్వడం మీ ఉద్యోగంలో అలవాటు లేదుగా!" అనేసింది. తాత జేబులు బయటికి లాగి చూపించాడు. ఓ చేతిరుమాలు, చెవిమిషను బ్యాటరీ, సర్వీసు నాటి ఈల. వాటిని మళ్లీ జేబులో వేసుకుని, మాట్లాడకుండా మెట్లు దిగిపోయాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ కప్పులు కింద పెట్టి లేచారు. అప్పుడు పరీక్ష గదికి వేసిన తాళం మళ్లీ తియ్యలేదు.

అదీ సంగతి. ఇక పదండి.

వారం తిరిగింది. తెల్లారితే, డబ్బిచ్చే సంస్థవాళ్ల మీటింగు. ఈ పరిశోధన ఇంకో విడత ప్రొఫెసరమ్మ చేతిలోనే ఉంచాలా, ఇంకొకరికి అప్పజెప్పాలా అన్నది తేలేది అక్కడే. పాతవాళ్లు తిరిగి రాకపోతే తేల్చడానికేమీ ఉండదు. పడుచుతనం నుంచి పేనుకుంటూ వచ్చిన తాడు చివర్లో తెగిపోతే, దాంతో బకెట్టు కూడా తోడలేం. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ, తాత ఇంటికి వెళ్లి ఒక్క మాట అనడానికి కాళ్లు రాలేదు. వారం రోజులూ బీరువాలు తెరిచింది, మూసింది. ఫోను తీసింది, పెట్టేసింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో ఈల వినిపించింది.

మామూలు ఈల కాదది. హోల్డాన్ తాత ఈలకి ఒక చరిత్ర ఉంది. ఆయన సర్వీసులో ఉండగా ఈల వేసి "హోల్డాన్" అని అరిస్తే, సొంత బస్సే కాదు, వెనక వచ్చే లారీలు కూడా ఆగేవట. ఒకసారి పక్కన పట్టాల మీద పోతున్న గూడ్సు బండి కూడా ఆగిందని ఆయనే చెప్పాడు. గూడ్సు సంగతి నేను సగమే నమ్ముతాను. ఇంజను ఆగి ఉంటుంది, డబ్బాలు వెళ్లిపోయి ఉంటాయి.

ప్రొఫెసరమ్మ గబగబా బయటికొచ్చింది. ఆవిడ వెనకే శిష్యురాలు. ఈ అమ్మాయి ఆవిడ దగ్గరే చదువుకుని, ఆవిడ దగ్గరే డాక్టరేటు చేసి, ఇప్పుడు పరీక్షలన్నీ తనే చూసుకుంటోంది. తాతని చూడగానే ఆ పిల్ల మొహం కిందికి దించేసుకుంది. ఎందుకో ఇప్పుడే అడక్కండి.

"రండి కండక్టరుగారూ," అంది ప్రొఫెసరమ్మ. "నేనే వద్దామనుకుంటున్నాను."

"అనుకుంటుండగానే నా ఆయుష్షు అయిపోతుందేమోనని నేనే వచ్చేశాను డాక్టరమ్మా," అన్నాడు తాత. "ముందు జేబులు చూస్తారా, లోపలికి వచ్చాక చూస్తారా?"

ఆవిడ మొహం కందిపోయింది. మెడ దాకా ఎర్రబడింది. "నేను అలా అనకుండా ఉండాల్సింది."

"అనకుండా ఉండాల్సింది, నిజమే. అన్నారు. మా పెద్దమ్మాయికి తెలిసి మూడు రోజులు అన్నం ముట్టలేదు. మా అల్లుడు మాత్రం, 'మావయ్యా, తీస్తే ఆ ఏసీ తియ్యాల్సింది, వాచీ ఎందుకు' అన్నాడు. వాడికి నా మీద గౌరవం ఎక్కువ."

శిష్యురాలికి నవ్వొచ్చి, వచ్చినంత వేగంగానూ ఆగిపోయింది.

"మీరు తిరిగి రావాలండీ," అంది ప్రొఫెసరమ్మ. "మీరొస్తే మిగతావాళ్లూ వస్తారు. ఏం చెయ్యమంటారో చెప్పండి, చేస్తాను."

తాత చేతికర్ర గోడకి ఆనించాడు. "చేస్తారా? అయితే ఆ గది తాళం తియ్యండి. ఇన్నేళ్లు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి మీరు ఈ కుర్చీలో కూర్చున్నారు. ఒక్కసారి మీరు ఆ కుర్చీలో కూర్చోండి. నేను ఇటు కూర్చుంటాను. నాకు పెట్టిన పరీక్షే మీకు పెడతాను. అయిపోయాక, వచ్చే వారం నుంచి మా ముసలి బ్యాచి మొత్తాన్ని నేనే తోలుకొస్తాను. టికెట్టు లేకుండా."

"మేడమ్, వద్దు," అంది శిష్యురాలు. చటుక్కున వచ్చేసింది మాట.

ప్రొఫెసరమ్మ తిరిగి చూసింది. "ఎందుకు వద్దు?"

"మీకు... రేపు మీటింగుంది. అలిసిపోతారు."

"నేను రాసిన పరీక్షకి నేను అలిసిపోతానా? తాళం తియ్యి."

ఆ గది గురించి చెప్పాలి. చిన్న గది, మధ్యలో బల్ల, అటో కుర్చీ ఇటో కుర్చీ. గోడ గడియారం లేదు, చూస్తూ కూర్చుంటారని తీయించేశారు. ఫ్యాను వెయ్యరు, చప్పుడుకి మాట సరిగా వినపడదని. అడిగేవాళ్ల కుర్చీకి చేతులుంటాయి, కిటికీ వెలుతురు పడుతుంది. చెప్పేవాళ్ల కుర్చీకి చేతుల్లేవు, దానికెదురుగా ఉత్త గోడ. చెప్పేవాళ్ల వైపు బల్ల కింద చిన్న అర ఉంది, సంచీ, కళ్లజోడు పెట్టుకోవడానికి. ఇదంతా ప్రొఫెసరమ్మ కుర్రతనంలో దగ్గరుండి చేయించింది. చెప్పేవాళ్ల చూపు ఎటూ చెదరకూడదని ఆవిడ పట్టుదల.

ఆవిడ చీర కుచ్చిళ్లు సవరించుకుని ఎదుటి కుర్చీలో కూర్చుంది. తల ఎత్తింది. "అయ్యయ్యో, ఈ గోడ ఇంత చెమ్మ పట్టిందా? ఇన్నాళ్లూ మీరంతా దీన్ని చూస్తూ కూర్చున్నారా? ఎవరూ చెప్పరేం?"

శిష్యురాలి చేతిలో పెన్సిలు కింద పడింది. వంగి తీసుకుంటూ కాసేపు బల్ల కిందే ఉండిపోయింది.

తాత చేతుల కుర్చీలో ఠీవిగా సర్దుకున్నాడు. "ఆహా. ఇక్కడ కూర్చుంటే నాక్కూడా కొంచెం చదువొచ్చినట్టుంది. సరే, మొదటిది. మీ గుడ్ల కథ."

గుడ్ల కథ అంటే మీకు తెలియాలి. జ్ఞాపకం చూడటానికి ఒక చిన్న కథ చదువుతారు. విన్నవాళ్లు వెంటనే ఒకసారి, ఓ అరగంట ఆగి ఇంకోసారి తిరిగి చెప్పాలి. ఆ కథ ప్రొఫెసరమ్మే రాసింది, జడ వేసుకుని తిరిగే రోజుల్లో. అందరికీ అదే కథ. మార్చితే ఈనాటి జవాబుని ఆనాటి జవాబుతో పోల్చలేమని ఒక్క అక్షరం మారనివ్వలేదు. మిల్లు కార్మికులు విన్నారు, నర్సులు విన్నారు, బడిపిల్లలు విన్నారు, ఆ బడిపిల్లలు తాతలయ్యాక మళ్లీ విన్నారు. ఆవిడ దాన్ని చదివి చదివి, ఆ కథ ఆవిడ నాలిక మీద దానంతట అదే నడిచే స్థితికి వచ్చింది.

"నేను చదవక్కర్లేదుగా," అన్నాడు తాత.

ఆవిడ నవ్వి, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. "ఒకావిడ గంప నిండా గుడ్లు పెట్టుకుని పడవ ఎక్కింది. సగం దూరం వెళ్లాక వాన వచ్చింది. ఆవిడ గొడుగు గంప మీద పట్టింది, తను తడిసింది. అవతలి ఒడ్డున దిగేసరికి గంపలోంచి ఒక పిల్ల కూసింది. ఆవిడ పిల్లని కొంగులో దాచుకుని, మిగతా గుడ్లు అమ్మి, కూతురికి ఎర్ర జోళ్లు కొంది."

"ఒక్క మాట పోలేదు!" అన్నాడు తాత. "కానీ పులి ఏదీ?"

"పులి ఎక్కడిది?"

"నేను చెప్పేటప్పుడు ఎప్పుడూ పడవలో పులి ఉంటుంది కదా. మరిచిపోయారా? మీరు ఒక పెద్ద సభలో కూడా చెప్పారు. 'మా దగ్గరికొచ్చే ఒక కండక్టరు కథలోకి ప్రతిసారీ ఒక పులి దూరుతుంది. మతిమరుపులో ఇదొక రకం. పోయిన మాట ఖాళీలోకి లేని మాట చొరబడుతుంది' అన్నారు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేను వెనక వరసలో ఉన్నాను. మా పెద్దమ్మాయి తీసుకొచ్చింది, 'మా నాన్న గురించి మాట్లాడతారట' అని."



"మీరు... వచ్చారా?" అంది ప్రొఫెసరమ్మ.

"వచ్చాను. నవ్వాను కూడా. నవ్వకపోతే ఆ కండక్టరు నేనేనని తెలిసిపోతుందని." తాత గడ్డం గోక్కున్నాడు. "డాక్టరమ్మా, ఆ పులి చొరబడలేదు. నేనే ఎక్కించాను. మీ కథలో పస లేదు. గుడ్లు, వాన, జోళ్లు. ఎవరైనా వింటారా? బస్సులో ఇలాంటి కథ చెబితే జనం మధ్యలోనే దిగిపోతారు. కొంచెం రుచి ఉంటుందని పులిని వేశాను. మీరు ఎప్పుడూ ఏమీ అనలేదు. 'చాలా బాగా చెప్పారు' అనేవారు. నచ్చిందేమో అనుకుని ప్రతిసారీ వేశాను."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పరీక్ష పెట్టేవాళ్లకి ప్రొఫెసరమ్మ నేర్పే మొదటి పాఠం ఇదే. అవతలివాళ్లు ఒప్పు చెప్పినా, తప్పు చెప్పినా, అసలు ఏమీ చెప్పలేకపోయినా, ఒకే మాట అనాలి, ఒకే గొంతుతో అనాలి. చాలా బాగా చెప్పారు. ఎక్కువ మెచ్చుకుంటే ఎగిరిపడతారు, తగ్గిస్తే కుంగిపోతారు. రెండూ పరీక్షని పాడుచేస్తాయి. ఆ గొంతు రావడానికి శిష్యులకి నెలలు పట్టేది. వెచ్చగానూ ఉండదు, చల్లగానూ ఉండదు. గోరువెచ్చటి నీళ్లలాగా ఉంటుంది.

ప్రొఫెసరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం ఆ పులి మీద నడిచింది. దాన్నిప్పుడు ఎక్కడికి తోలాలో తెలియలేదు. "క్షమించండి," అంది. రెండు రకాలుగా క్షమించమన్నట్టుంది ఆ మాట.

తాత చెయ్యి ఊపేశాడు. "అదంతా అయిపోయింది. ఇప్పుడు అసలు పరీక్ష. మీ కథ మీకు రావడంలో గొప్పేముంది? నా కథ చెబుతాను. వినండి. ఇందులో పులి లేదు, ప్రమాణం."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెవిమిషను ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

"ఒకసారి ఒకాయన నిలువుటద్దం దుప్పట్లో చుట్టుకుని నా బస్సెక్కాడు. అద్దానికి కూడా టికెట్టు తియ్యమన్నాను. అద్దం కూర్చోదుగా, నిలబడుతుందిగా, సగం టికెట్టే ఇస్తానన్నాడు. ఇద్దరం వాదించుకుంటుంటే దుప్పటి జారింది. రోడ్డు మీద ఒక పొట్టేలు తనని తాను అద్దంలో చూసుకుని, ఇంకెవడ్రా నువ్వు అని పరిగెత్తుకొచ్చి కుమ్మింది. అద్దం ముక్కలైపోయింది. ఆయన ఏడవలేదు. బస్సులో ఉన్న ప్రతివాళ్లకీ ఒక్కో ముక్క పంచిపెట్టి దిగిపోయాడు. ఇప్పటికీ ఆ దారిలో ఏ ఇంటికెళ్లినా అరచేతంత అద్దం ముక్క ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. దాంట్లోనే గడ్డం గీసుకుంటాను. అందుకే ఒక బుగ్గే నున్నగా ఉంటుంది."

ప్రొఫెసరమ్మ పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విన నవ్వు. "బాగుంది కండక్టరుగారూ. మా కథ కంటే ఇదే నయం."

"వెంటనే చెప్పక్కర్లేదు. మీ పద్ధతిలోనే అరగంట ఆగుదాం. ఏం చిన్న డాక్టరమ్మా, టీ పోయిస్తావా?"

శిష్యురాలు ఫ్లాస్కు తెచ్చింది. ఆ పిల్ల పోస్తుంటే టీ సాసర్లోకి ఒలికింది. తాత దాన్ని పట్టించుకోకుండా సాసర్లోంచే ఊదుకుని తాగాడు.

ఆ అరగంట భలే నడిచింది. ప్రొఫెసరమ్మ పాత రోజులు తవ్వి తీసింది. బస్సు డిపోలో మొదటిసారి బీపీ చూడటానికి వెళ్తే డ్రైవర్లంతా పన్ను పీకడానికి వచ్చిందనుకుని పారిపోయిన రోజు. పిడికిలి బలం చూసే మిషనుని ఒక మిల్లు కార్మికుడు విరగ్గొట్టి, "ఇంతకంటే గట్టిది లేదా?" అని అడిగిన రోజు. రోజూ నడిచేవాళ్లకీ, కంటినిండా నిద్రపోయేవాళ్లకీ, పదిమందితో మాట్లాడేవాళ్లకీ బుర్ర ఆలస్యంగా అలుస్తుందని మొదటిసారి అంకెల్లో కనబడ్డప్పుడు, ఆనందం పట్టలేక మేడ మీదికి వెళ్లి ఒంటరిగా గట్టిగా అరిచిన రోజు. పేర్లతో, వానలతో, రంగులతో సహా చెప్పింది.

"మనిషి ఎక్కువసార్లు చెప్పిన మాట, ఎక్కువసార్లు చేసిన పని అన్నిటికంటే చివరికి పోతుంది కండక్టరుగారూ. నేను జీవితంలో కనిపెట్టినదంతా ఆ ఒక్క ముక్కే. మీ ఈలలాగా."

"అయితే నా ఈల నాకంటే ఎక్కువ కాలం బతుకుతుందంటారు. సరే, వేళయింది," అన్నాడు తాత. నిటారుగా కూర్చుని, ప్రొఫెసరమ్మ గొంతునే అనుకరిస్తూ అడిగాడు. "ఇందాక నేను మీకొక కథ చెప్పాను. మీకు గుర్తున్నదంతా చెప్పండి."

శిష్యురాలు పెన్సిలు పట్టుకుంది గాని కాయితం వైపు చూడటం లేదు. ఆవిడ మొహం వైపే చూస్తోంది.

ప్రొఫెసరమ్మ హాయిగా మోచేతులు ఆనించబోయి, కుర్చీకి చేతుల్లేవని గుర్తొచ్చి సర్దుకుంది. నవ్వుతూనే మొదలుపెట్టింది.

"ఒకాయన అద్దం దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు అద్దానికి టికెట్టు తియ్యమన్నాడు. సగం టికెట్టే ఇస్తానన్నాడు. వాదించుకుంటూ సగం దూరం వెళ్లాక వాన వచ్చింది. ఆయన గొడుగు అద్దం మీద పట్టాడు, తను తడిశాడు. అవతలి ఒడ్డున దిగేసరికి దుప్పట్లోంచి ఒక పిల్ల కూసింది. ఆయన పిల్లని దాచుకుని, మిగతావి అమ్మి, కూతురికి ఎర్ర జోళ్లు కొన్నాడు."

చెప్పేసి, తృప్తిగా చేతులు బల్ల మీద పెట్టింది.

కిటికీ బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

తాత మొహంలో వేళాకోళం అంతా ఎటుపోయిందో పోయింది. ఆయన జీవితంలో మాటలు దొరక్క తడుముకున్న సందర్భాలు నాకు తెలిసి రెండే. ఒకటి, కొత్తగా వచ్చిన డ్రైవరు కండక్టర్ని స్టాపులోనే వదిలేసి బస్సు తీసుకుపోయినప్పుడు. రెండోది ఇది. ఆయన శిష్యురాలి వైపు చూశాడు. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ గోడ వైపు చూస్తోంది. ఆయన మళ్లీ ప్రొఫెసరమ్మ వైపు తిరిగాడు.

"చాలా బాగా చెప్పారు," అన్నాడు.

వెచ్చగా లేదు, చల్లగా లేదు.

ప్రొఫెసరమ్మ నవ్వు అలాగే ఉండి, కళ్లలోంచి మాత్రం తప్పుకుంది. ఆ గొంతు ఆవిడదే. ఆవిడ తయారుచేసిందే. ఎన్ని వేలమందికి ఆ గొంతుతో ఆ మాట అని పంపించిందో! వాళ్లంతా సంతోషంగా లేచి, తలుపు దగ్గర "నమస్కారమమ్మా" అని వెళ్లేవాళ్లు. వాళ్లు ఎలా చెప్పారో తెలిసినవాళ్లు ఆ గదిలో ఎప్పుడూ ఒక్కరే, చేతుల కుర్చీలో కూర్చున్నవాళ్లు.

"కండక్టరుగారూ," అంది. "ఎక్కడ తప్పాను?"

"తప్పేముందమ్మా. కథలన్నీ కలిసే ఉంటాయి. నేను పులిని పెట్టలేదా?"

"మీరు పెట్టారు. నేను పెట్టలేదు." గొంతు బాగా తగ్గిపోయింది. "గొడుగు మీ కథలో ఉందా?"

తాత చెవిమిషను సర్దుకున్నాడు.

"జోళ్లు?"

"అమ్మా, నా బుద్ధి గడ్డి తిని అడిగాను. కాస్త ఆటపట్టించి, సాయంత్రానికి మా వాళ్లందరికీ చెప్పుకుని నవ్వుకుందామనుకున్నాను. ఇలా అనుకోలేదు." ఆయన లేచి నిలబడ్డాడు. తప్పుచేసినవాడిలా చేతికర్ర కోసం వెతుక్కున్నాడు, అది వరండాలోనే ఉంది. "వచ్చే వారం అందర్నీ తీసుకొస్తాను. మాటంటే మాటే. ఇక్కడ జరిగింది ఇక్కడే వదిలేస్తాను. ఎవరికీ చెప్పను."

ఆవిడకి ఆ దయ తగిలింది చూడండి, పోయిన వారం ఆవిడన్న మాట ఆయనకి తగిలినదానికంటే గట్టిగా తగిలింది. తను జేబులు తడిమించిన మనిషి తన పరువు దాస్తానంటున్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అసలే తెలియలేదు. బల్ల మీద నుంచి తీసేసింది. ఒళ్లో పెట్టుకుంది, నిలవలేదు. కుర్చీకి చేతులు లేవాయె. ఆ గదిలో అందరి చేతులూ చివరికి ఎక్కడికి వెళ్తాయో ఆవిడ చేతులూ అక్కడికే వెళ్లాయి. బల్ల కింది అరలోకి.

వేళ్లకి చల్లగా ఏదో తగిలింది.

ఆవిడ దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టింది. గుండ్రంగా, వెనక గురువుగారి పొడి అక్షరాలతో, స్టాప్‌వాచీ.

మొదట తాతే మాట్లాడాడు. రెండు చేతులూ ఎత్తేశాడు. "నేను పెట్టలేదు డాక్టరమ్మా! ఆ రోజు కూర్చుంది నేనే, ఒప్పుకుంటాను. కానీ మా పెద్దమ్మాయి మీద ఒట్టు, అరలో నా కళ్లజోడు తప్ప ఇంకేమీ..."

"ఆయన కాదు మేడమ్," అంది శిష్యురాలు.

ఇద్దరూ ఆ పిల్ల వైపు తిరిగారు. ఆ అమ్మాయి నిలబడి ఉంది. పెన్సిలు రెండు చేతులతో పట్టుకుంది, విరిచేసేలా.

"ఆయన ఈ గదిలోంచి హాల్లోకి వెళ్లాక కూడా వాచీ మీ చేతిలోనే ఉంది. నేను చూశాను. చూసి కూడా హాల్లో నోరెత్తలేదు." తాత వైపు తిరిగింది, కళ్లు మాత్రం ఎత్తలేకపోయింది. "తాతగారూ, మీరు జేబులు తీసి చూపిస్తుంటే నేను అక్కడే ఉన్నాను. మీ కప్పు పట్టుకుని నిలబడ్డాను."

"నా చేతిలో ఉంటే ఇక్కడికెలా వస్తుందే?" అంది ప్రొఫెసరమ్మ. "ఇది చెప్పేవాళ్ల వైపు అర. నేను ఇటు ఎప్పుడు కూర్చున్నాను? ఈ గది కట్టించాక ఇవాళే మొదటిసారి ఈ కుర్చీలో..."

ఆగిపోయింది. తనకి తెలియకుండానే తల ఎత్తింది. ఎదురుగా గోడ, గోడ మీద చెమ్మ.

"ఆ రోజు కూడా ఇదే మాటన్నారు మేడమ్," అంది శిష్యురాలు. "ఇంత చెమ్మ పట్టిందా, ఎవరూ చెప్పరేం, అన్నారు. అంతకు ముందు కూర్చున్నప్పుడు కూడా అన్నారు. తలుపు వేయించి, మీరే అడిగారు, నాకు పరీక్ష పెట్టు అని. మీ కథ కాదు, కొత్త కథ చదవమన్నారు. అయిపోయాక, ఎవరితోనూ అననని నాచేత ఒట్టు వేయించుకున్నారు. బయటికెళ్లి హాల్లో వాచీ కోసం చూసుకున్నారు."

తాత మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. ఈసారి కుర్చీ చివర, ఎవరిదో కుర్చీలో కూర్చున్నట్టు.

"అంటే నాకు తెలుసు," అంది ప్రొఫెసరమ్మ. "నాకు ముందే తెలుసు. తెలుసుకుని, మరిచిపోయాను." ఆ మాట ఆవిడ తనతో తానే అనుకుంది. వాచీ మీద బొటనవేలు పెట్టింది, నొక్కలేదు.

"రేపు మీటింగులో నిన్ను అడుగుతారు," అంది. "నా గురించి."

"అడుగుతారు మేడమ్."

"అయితే ముందు నాకు చెప్పు. నా కళ్లల్లోకి చూసి చెప్పు. ఆ రోజు ఆ కొత్త కథ నేనెలా చెప్పానే?"

శిష్యురాలు తల ఎత్తింది. కళ్ల నిండా నీళ్లున్నాయి గాని, గొంతు చెదరలేదు. గోరువెచ్చగా, ఆవిడ నేర్పినట్టే వచ్చింది.

"చాలా బాగా చెప్పారు, మేడమ్."